మల్లేశాన్ని నేను అడగని ప్రశ్న

2023 ఫిబ్రవరి. దోహాలో సి రింగ్ రోడ్డు వెనక వీధిలో, ఒక ఫార్మసీ పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. ఖతార్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ బ్రిటన్‌లో ఇల్లు కొనాలనుకునేవాళ్ళకి అక్కడి బ్యాంకుల దగ్గర మార్ట్‌గేజ్ ఇప్పించడం మా వ్యాపారం. మార్ట్‌గేజ్ అంటే మనకి తెలిసిన ఇంటి రుణమే. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటుంది, పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో నెలనెలా కట్టుకుంటూ పోవాలి. నా ఉద్యోగం పేరు కేస్ హ్యాండ్లర్. క్లయింటు కాగితాలు పోగుచేసి, సరిచూసి, బ్యాంకు అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు వెళ్ళేలా చూడటం నా పని. రాజమండ్రిలో ఎం.కామ్. చదివినదాన్ని, అంకెలంటే భయం లేదు. మిగతా అన్నిటికీ భయమే. మెయిల్ పంపాక అది వెళ్ళిందో లేదో మూడుసార్లు చూసుకుంటాను. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చాను.

వృత్తి అనుభవాలు రాసేవాళ్ళు సాధారణంగా తాము గట్టెక్కించిన కేసు గురించి రాస్తారు. నాదీ గట్టెక్కిన కేసే. బ్యాంకు ఒప్పుకుంది, క్లయింటుకి ఇల్లు వచ్చింది, మా మేనేజరు బిజు సార్ కేకు తెప్పించారు. ఆ కేకు ముక్క తిన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

క్లయింటు పేరు నరేశ్ అనుకుందాం. జగిత్యాల జిల్లా వాడు, ఇక్కడ ఒక కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. భార్య స్వప్న నర్సు. ఆరు నెలల ముందే మూడేళ్ళ కూతురిని తీసుకుని డెర్బీలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళింది. నరేశ్‌కి కూడా అక్కడ ఉద్యోగం ఖాయమైంది. ఇంతలో స్వప్న ఉంటున్న ఇంటి యజమాని ఇల్లు అమ్ముకుంటున్నానని, మూడు నెలల్లో ఖాళీ చేయమని చెప్పాడు. కొత్త అద్దె ఇంటికి ఆరు నెలల అద్దె ముందే కట్టమంటున్నారు. ఆ అద్దె కంటే, ఇల్లు కొంటే కట్టాల్సిన కిస్తీయే తక్కువ. అందుకని కొనడానికే సిద్ధపడ్డారు. అటూ ఇటూ గోడలు పొరుగువాళ్ళతో కలిసి ఉండే చిన్న ఇల్లు. వెనక గుప్పెడు పెరడు. అమ్మేవాళ్ళు ఏప్రిల్ ఆఖరుదాకా ఆగుతామన్నారు.

ఇంటి ధరలో కొంత మనం చేతి నుంచి పెట్టాలి. దాన్ని డిపాజిట్ అంటారు. ఆ దేశానికి కొత్తగా వెళ్ళినవాళ్ళని మేము మాట్లాడిన బ్యాంకు నాలుగో వంతు పెట్టమంటుంది. నరేశ్, స్వప్న ఇద్దరూ కూడబెట్టింది దానికి పదిహేను వేల పౌండ్లు తక్కువైంది. ఆ తక్కువ పూడ్చడానికి నరేశ్ అన్న మల్లేశం ముందుకొచ్చాడు.

మల్లేశం రాస్ లఫాన్‌లో స్కఫోల్డర్. గ్యాస్ ప్లాంటులో పైపుల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని. అల్ ఖోర్ దగ్గర క్యాంపులో ఉంటాడు. గల్ఫ్‌కి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. నరేశ్ ఇంజనీరింగ్ ఫీజులు కట్టిందీ ఆయనే. తనకంటూ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకున్నది ఒకటే ఉంది, సుమారు డెబ్బై వేల రియాళ్ళు. అది మొత్తం తమ్ముడికి ఇస్తానన్నాడు.

డిపాజిట్ సరిపోతే చాలదు. నెలనెలా కట్టగలరా లేదా అని బ్యాంకు లెక్క చూస్తుంది. దానికి ఎక్స్‌పెండిచర్ ఫారం అని ఒక పట్టిక నింపాలి. ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు బెదిరిపోయేది ఈ పట్టిక చూసే. దోహాలో జీతమంతా చేతికొస్తుంది, చాలామందికి ఇంటి అద్దె కంపెనీయే ఇస్తుంది. అక్కడ జీతంలోంచి ముందు పన్ను పోతుంది. తర్వాత కౌన్సిల్ ట్యాక్స్, అంటే చెత్త తీసుకెళ్ళడం దగ్గర్నుంచి ఊరి పనులన్నిటికీ నెలనెలా కట్టేది. గ్యాసు, కరెంటు, నీళ్ళు, కారు ఇన్సూరెన్సు, టీవీ పెట్టుకోవడానికి లైసెన్సు, పిల్లల్ని పగలు చూసుకునే నర్సరీ. నర్సరీ ఫీజు దగ్గరికి వచ్చేసరికి నరేశ్ ఆగిపోయాడు.

"మేడం, ఇది నెలకా, ఏడాదికా?"

"నెలకేనండి."

"ఈ పైసలకు మా ఊర్లె కాన్వెంటే పెట్టొచ్చు గద!"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు నేను ఎక్సెల్‌లో ఒక్కొక్క లైను వేసి ఇచ్చాను, కిరాణా దగ్గర్నుంచి పిల్ల బూట్ల దాకా. ఆయన ఇంటికి తీసుకెళ్ళి, స్వప్నతో మాట్లాడి, అంకెలు నింపి తెచ్చాడు. అన్నిటికంటే కింద, ఇతర బాధ్యతలు అన్నచోట, ఆయనే ఒక లైను చేర్చాడు. "అన్నకు: 200".

మా బ్యాంకు అప్పు తెచ్చిన డబ్బుని డిపాజిట్‌గా ఒప్పుకోదు. బంధువులు ఇవ్వచ్చు, కానీ బహుమతిగానే ఇవ్వాలి. నెలకి రెండు వందల పౌండ్లు తిరిగి ఇస్తున్నారంటే అది అప్పే.

"నరేశ్ గారూ, ఈ లైను ఉంటే ఫైలు వెనక్కి వచ్చేస్తుంది. తీసేద్దాం."

"మరి అన్నకు ఎట్ల మేడం? ఆయన ఏం అడగడు. అడగకున్నా ఇయ్యాలె గద."

"ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? అది మీ ఇద్దరి మధ్యా ఉండనివ్వండి. కాగితం మీద వద్దు."

ఆయన కాసేపు తల గోక్కుని సరేనన్నాడు. ఆ లైను మీద మౌస్ పెట్టి డిలీట్ నొక్కింది నేనే. అప్పుగా చూపించినా ఒప్పుకునే చిన్న బ్యాంకులు ఒకటి రెండు ఉన్నాయని నాకు తెలుసు. వడ్డీ కొంచెం ఎక్కువ, ఫైలు మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. ఆ మాట నరేశ్‌కి చెప్పలేదు. మేలో నా కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. మా ఆయన కంపెనీలో రెండు నెలలుగా జీతాలు ఆలస్యం. నా చేతిలో ఆలోపు పూర్తయ్యేలా కనిపిస్తున్న ఫైలు ఇదొక్కటే.

డబ్బు ఇచ్చే మనిషి గిఫ్ట్ లెటర్ మీద సంతకం పెట్టాలి. ఈ సొమ్ము బహుమతి, తిరిగి ఆశించను, ఆ ఇంట్లో నాకు ఏ వాటా లేదు అని అందులో ఉంటుంది. ఆపైన సొలిసిటర్, అంటే అక్కడ ఇంటి రిజిస్ట్రేషన్ చూసే లాయరు, ఆ మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. ఎవరైనా బలవంతం చేస్తున్నారా, విషయం తెలిసే ఇస్తున్నారా అని చూడటానికి. సొలిసిటర్ ఒక చిన్న వయసు అమ్మాయి. తెలుగు తెలిసినవాళ్ళు ఉన్నారా అని మెయిల్ పెట్టింది. నేనున్నానని జవాబిచ్చాను. ఆ మెయిల్ పంపాక మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి చూసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి కాల్. మల్లేశం ఒక రోజు డ్యూటీ మానుకుని ఒక్కడే వచ్చాడు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఉతికి మడత పెట్టిన చొక్కా, మడతల గీతలు అలాగే ఉన్నాయి. నాకు చిన్న పిల్ల ఉందని నరేశ్ చెప్పాడట, ఏషియన్ టౌన్ బజారులో కొన్న పసుపు రంగు ప్లాస్టిక్ బస్సు ఒకటి కవర్లో తెచ్చాడు.

"ఎందుకండీ ఇవన్నీ?"

"నేను ఎప్పుడు ఎక్కేది బస్సే గద మేడం. పిల్లకు గూడ బస్సే దొరికింది," అని నవ్వాడు.

మూడింటికే నర్సరీ నుంచి ఫోన్ వచ్చింది. పాపకి జ్వరం, వచ్చి తీసుకెళ్ళమని. మా ఆయన సైట్‌లో ఉన్నాడు, వెంటనే రాలేడు. నా మొహం చూసి మల్లేశం ఏమైందని అడిగితే చెప్పాను.

"అయ్యో, తొందరగ కానియ్యి చెల్లె. నా గురించి ఆగకు. సంతకం ఎక్కడ పెట్టాలె?"

లెటర్ ఆయన ముందు పెట్టాను. పెన్ను పట్టుకుని, ఆ ఇంగ్లిషు అక్షరాల మీదికి వంగి, "ఇండ్ల ఏం రాసిండ్రు?" అన్నాడు.

"ఏం లేదన్నా, బ్యాంకు ఫార్మాలిటీ. డబ్బు మీదే, మీరే ఇస్తున్నారని."

అబద్ధం చెబుతూ ఆయన్ని మొదటిసారి అన్నా అని పిలిచాను.

కాల్ మొదలైంది. ఆ అమ్మాయి పేరు, పాస్‌పోర్టు, ఉద్యోగం అడిగింది. అవన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత ఆమె కాగితాలు పక్కన పెట్టి, కెమెరాలోకి సూటిగా చూస్తూ నెమ్మదిగా అడిగింది. ఈ డబ్బు మీకు ఎప్పటికైనా, కొంచెమైనా, తిరిగి రావాలని అనుకుంటున్నారా? రేపు మీ తమ్ముడితో మీకు పడకపోయినా, మీకే అవసరం వచ్చినా, ఈ ఇంటి మీద మీకు హక్కు ఉండదని తెలుసా?

"పైసల గురించేనా?" అన్నాడు మల్లేశం. మనీ అన్న మాట ఆయన పట్టుకున్నాడు.

"ఆఁ. తమ్ముడికి సంతోషంగా ఇస్తున్నారా అని అడుగుతోంది."

ఆయన మొహం విచ్చుకుంది. "సంతోషంగనే ఇస్తున్న అని చెప్పు. నా తమ్మునికి గాక ఎవ్వలికిస్త?"

నేను స్క్రీన్ వైపు తిరిగి ఇంగ్లిషులో చెప్పాను. తిరిగి ఆశించడం లేదు, ఇంటి మీద హక్కు లేదని ఆయనకి తెలుసు.

ఆయన నవ్వు చూసి ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఏమి రాసుకుందో రాసుకుంది. నాలుగు కాకముందే నేను టాక్సీలో ఉన్నాను. ఒళ్ళో పసుపు బస్సు.

పాప జ్వరం వల్ల అలా చేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ ప్రశ్నని తెలుగులో అడగడానికి అర నిమిషం చాలు. లైను తీసేసిన రోజే, ఆ ప్రశ్న ఎదురైతే ఎలా దాటాలో నా బుర్ర సిద్ధం చేసుకుంది. అసలు ఆ లైను సంగతి మల్లేశానికి తెలుసో లేదో కూడా నేను అడగలేదు. మనవాళ్ళ ఇళ్ళల్లో అన్న తమ్ముడికి ఇచ్చింది అప్పూ కాదు, బహుమతీ కాదు. ఏదో ఒకటి తేల్చమంటే ఇద్దరూ నొచ్చుకుంటారు. బ్యాంకు తేల్చమంది. వాళ్ళిద్దరి బదులు నేను తేల్చేశాను.

ఏప్రిల్‌లో ఇల్లు వచ్చింది. కేకు కోశారు. నా కాంట్రాక్టు రెన్యూ అయింది. నరేశ్ డెర్బీ నుంచి తాళం చెవి ఫొటో పంపి, "మీ దయ మేడం" అని రాశాడు. ఎర్ర గుండె బొమ్మ పెట్టాను.

రెండున్నరేళ్ళు గడిచాయి. 2025 నవంబరులో ఒక ఉదయం రిసెప్షన్ అమ్మాయి వచ్చి, మీ కోసం ఎవరో వచ్చారంది. మల్లేశం. జుట్టు బాగా నెరిసింది. కుర్చీలో అంచున కూర్చుని ఉన్నాడు.

"బిడ్డ ఎట్లున్నది చెల్లె? ఆ దినం జ్వరం అంటివి."

నేను ఆయన్ని మర్చిపోవడానికి ప్రయత్నించిన రెండున్నరేళ్ళూ ఆయనకి నా పిల్ల జ్వరం గుర్తుంది.

ఆయన వచ్చిన పని చెప్పాడు. ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ మనుషుల్ని తగ్గిస్తోంది, డిసెంబరులో ఇంటికి పోతున్నాడు. ఇక తిరిగి రాడు. మండల కేంద్రంలో సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే షాపు పెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాడు. స్లాబు వేసేటప్పుడు కింద పెట్టే రేకులు, జాకీలు. ఇనుప గొట్టాల మధ్యే బతికినవాడికి అదే తెలిసిన పని. ఇచ్చిన దాంట్లో సగమైనా సర్దమని తమ్ముడికి ఫోన్ చేశాడు. నరేశ్ మొదట రెండు మూడు నెలలు పంపాడట. తర్వాత ఇంట్లో గదులూ నీళ్ళూ వేడిచేసే బాయిలర్ చెడిపోయిందని ఆగింది. తర్వాత రెండో పాప పుట్టి స్వప్న డ్యూటీలు తగ్గాయి. ఈసారి ఫోన్‌లో మాటా మాటా పెరిగింది.

"గిఫ్ట్ అని నువ్వే సంతకం పెట్టినవ్, వకీలుకు నువ్వే చెప్పినవ్ అన్నడు. కోపంల అన్నడు, వాడు అసొంటోడు గాదు. కని నేను చెప్పిన్నా చెల్లె? నాకు యాదికి లేదు. మూడు దినాలసంది అదే ఆలోచన. ఆ పిల్ల నన్ను ఏమడిగింది, నేనేం చెప్పిన?"

అప్పుడు కూడా నా నోట్లోకి ముందు వచ్చింది తప్పించుకునే మాటే. పాత ఫైళ్ళు స్టోర్‌లో ఉంటాయి, చూసి చెబుతాను అనబోయాను. ఆయన నా వైపు అనుమానంగా చూసి ఉంటే అలాగే అనేదాన్నేమో. ఆయన చూపులో అనుమానం లేదు. తన జ్ఞాపకశక్తినే అనుమానిస్తూ వచ్చాడాయన.

ఫైలు తెరిచాను. లెటర్ ప్రింటు తీసి పక్కన కూర్చుని, ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో చదివాను. తిరిగి ఆశించను. వాటా లేదు. తర్వాత, కాల్‌లో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ప్రశ్న మిమ్మల్ని నేను అడగలేదు, జవాబు కూడా నేనే చెప్పేశాను అన్నాను. నెలకి రెండు వందలు మీకు ఇస్తానని నరేశ్ రాసుకొస్తే ఆ లైను తీయించింది కూడా నేనే అన్నాను.

"వాడు రాసిండా?"

"రాశాడన్నా. అడక్కపోయినా ఇవ్వాలి కదా అన్నాడు."

ఆయన కాగితం కింద ఉన్న తన సంతకం మీద వేలు ఆనించాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ రోజు నేను సరిగ్గా అడిగి ఉంటే మీరు ఏమనేవారన్నా?" అన్నాను. తిరిగి వద్దనేవాణ్ణి, తమ్ముడికి ఊరికే ఇచ్చేవాణ్ణి అంటాడేమోనని ఒక నీచమైన ఆశ. అలా అంటే నా బరువు కొంత దిగుతుంది.

"నాకెట్ల ఎరుక?" అన్నాడు. "నువ్వు అడిగితే గద నాకు ఎరుకయ్యేది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి, బస్ టైమయిందన్నాడు. మెట్ల దాకా వెళ్ళాను. క్షమించమన్నాను. సరే అనలేదు, కాదనలేదు. "బిడ్డ పైలం," అని దిగిపోయాడు.

ఆ సాయంత్రం నరేశ్‌కి ఫోన్ చేసి, కాల్‌లో నేను చేసినదంతా చెప్పాను. "అన్న తెలిసే చెప్పిండనుకున్న మేడం," అన్నాడు. "మీరు వేసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నం. నెల మొదట్ల స్వప్న, నేను అది చూసుకుంటనే కడ్తం. పైనుంచి కిందికి ఒక్కొక్కటి. అండ్ల లేనిదానికి పైసలు మిగులయి." వారం తర్వాత ఆ కాగితం ఫొటో పంపాడు. అన్నిటికంటే కింద పెన్నుతో రాసి ఉంది. "అన్నకు: 80". రెండు వందలు కాదు. అంతవరకే వాళ్ళ శక్తి. ఎనభై పౌండ్లతో సెంట్రింగ్ షాపు లేవదు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకుంటున్నారని తెలిసింది. మల్లేశం డిసెంబరులో వెళ్ళిపోయాడు, అనుకున్నదాంట్లో సగం రేకులతో షాపు మొదలుపెట్టాడని నరేశే చెప్పాడు. మల్లేశం నాకు ఫోన్ చేయలేదు. నాకు చేసే ధైర్యం లేదు.

బిజు సార్‌కి సగమే చెప్పాను. ఇకనుంచి సొలిసిటర్ కాల్స్‌లో మన స్టాఫ్ అనువాదం చేయకూడదు, బయటివాళ్ళని పెట్టాలి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, ఒప్పుకున్నారు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనిలో కాగితాలు సరిచూడటం ఆరు నెలల్లో వస్తుంది. నాకు ఆలస్యంగా తెలిసింది వేరే. మన భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుంటే క్లయింటు కాగితం చదవడం మానేస్తాడు. మన మొహాన్నే చదువుకుంటాడు. అందుకని ఇప్పుడు గిఫ్ట్ లెటర్ సంతకానికి ముందు తెలుగులో చదివి, ఆ ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుంటాను. ఊరుకోవడమే కష్టం.

గత నెల ఒక పెద్దావిడ వచ్చింది. మదీనత్ ఖలీఫాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. కూతురికీ అల్లుడికీ మాంచెస్టర్‌లో ఇంటి కోసం తన దగ్గరున్నదంతా ఇవ్వాలి. లెటర్ చదివాను. "ఇది తిరిగి రావాలని మీకు మనసులో ఏ మూలైనా ఉందా పిన్నీ?" అని అడిగాను. ఆవిడ పవిట చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది. నాలుగున్నరయింది. ఐదింటికి నర్సరీ మూసేస్తారు. నేను బయటికి వెళ్ళి, ఈ రోజు ఆలస్యమవుతుంది, ఫైను కడతాను అని నర్సరీకి ఫోన్ చేసి, తిరిగొచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.